రోగం దేశానిది, అధికారం రాష్ట్రానిది: అమెరికాలో ఫెడరల్ ఆరోగ్య సంస్థల అసలు బలం ఎక్కడుంది?

2024 ఆరంభంలో టెక్సాస్ ఉత్తర ప్రాంతంలోని పాడి క్షేత్రాల్లో ఆవులు మేత తగ్గించాయి. పాల దిగుబడి పడిపోయింది. పిండిన పాలు జున్నుపాలలా చిక్కగా, పసుపు రంగులో వచ్చాయి. ఆ పచ్చిపాలు తాగిన పిల్లులు కొన్ని చనిపోయాయి. స్థానిక పశువైద్యురాలు ఒకరు నమూనాలను అయోవా స్టేట్ యూనివర్సిటీ ప్రయోగశాలకు పంపితే, పాలలోనూ పిల్లుల మెదడు కణజాలంలోనూ బర్డ్‌ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 బయటపడింది. అప్పటిదాకా కోళ్లకు, అడవి పక్షులకు ప్రాణాంతకంగా పేరుపడ్డ వైరస్ పాడి ఆవుల మందల్లో ఇలా పాకడం అదే మొదటిసారి. మార్చి 25న అమెరికా వ్యవసాయ శాఖ ఈ సంగతిని ప్రకటించింది.

మరి దీన్ని అదుపు చేయాల్సింది ఎవరు? ఆవు వ్యవసాయ శాఖ కిందికి వస్తుంది. పాలు దుకాణానికి చేరితే ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ పరిధిలోకి వెళతాయి. ఆ పాలు పిండిన కూలీకి కళ్లు ఎర్రబడితే అది వ్యాధుల నియంత్రణ, నివారణ కేంద్రం సీడీసీ పట్టించుకోవలసిన కేసు. వైరస్ ఒక్కటే, సంస్థలు మూడు. వాటిలో ఏ ఒక్కటీ మిగతా రెండింటికీ పైఅధికారి కాదు. పైగా క్షేత్రం గేటు దాటి కూలీల నమూనాలు తీసుకోవాలంటే సీడీసీ బృందాన్ని ముందు రాష్ట్రం పిలవాలి, ఆ తర్వాత యజమాని ఒప్పుకోవాలి.

ఎవరి పని వారు చేయలేదని కాదు. ఎఫ్‌డీఏ దుకాణాల్లోని పాలను పరీక్షించింది. సుమారు ఐదింట ఒక నమూనాలో వైరస్ అవశేషాలు కనిపించాయి గానీ, పాశ్చరీకరణ వల్ల బతికున్న వైరస్ ఎందులోనూ లేదని తేల్చి చెప్పింది. ఏప్రిల్ చివరలో వ్యవసాయ శాఖ ఒక ఆదేశం ఇచ్చింది: పాలిచ్చే ఆవులను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి తరలించే ముందు పరీక్ష చేయించాలి. రాష్ట్రం లోపల ఒక కొట్టం నుంచి మరో కొట్టానికి తోలుకుపోతే ఆ ఆదేశం వర్తించదు. దేశమంతటా పాల నమూనాలను తప్పనిసరిగా పరీక్షించే పథకం డిసెంబర్ 6న గానీ వెలువడలేదు. అప్పటికి వైరస్ ఒక్క కాలిఫోర్నియాలోనే వందల క్షేత్రాలకు పాకింది. అదే నెలలో అక్కడి గవర్నర్ అత్యవసర పరిస్థితి ప్రకటించారు.

ఇన్ని నెలల జాప్యాన్ని ఉద్యోగుల అలసత్వంగా కొట్టిపారేయడం తేలిక. అసలు కారణం వ్యవస్థ నిర్మాణంలోనే ఉంది. అంటువ్యాధి వస్తే వాషింగ్టన్ నుంచో సీడీసీ ఉన్న అట్లాంటా నుంచో ఆజ్ఞ వెలువడుతుందని, దేశమంతా దాన్ని పాటిస్తుందని బయటివారు అనుకుంటారు. చాలామంది అమెరికన్లు కూడా అలాగే అనుకుంటారు. నిజానికి ఫెడరల్ ఆరోగ్య సంస్థలకు ఆజ్ఞాపించే అధికారం చాలా తక్కువ. రోగాన్ని అందరికంటే ముందు పసిగట్టడం, నమ్మదగిన పరీక్షతో దాన్ని కొలవడం, తెలిసింది తెలిసినట్టు చెప్పడం, ఈ మూడే వాటి అసలు బలం. ఈ మూడింటిలో ఏది దెబ్బతిన్నా, ఆ లోటును పూడ్చే చట్టం వాటి చేతిలో లేదు.

అమెరికా రాజ్యాంగం ఫెడరల్ ప్రభుత్వానికి స్పష్టంగా ఇవ్వని అధికారాలన్నీ రాష్ట్రాలకే వదిలింది. ప్రజారోగ్యం అలా రాష్ట్రాలకు దక్కిన బాధ్యత. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్ పట్టణంలో మశూచి టీకా వేయించుకోనన్న పాస్టర్ జాకబ్‌సన్‌కు 5 డాలర్ల జరిమానా పడింది. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1905లో కోర్టు ఆ జరిమానాను సమర్థించింది. కాకపోతే అక్కడ నెగ్గింది రాష్ట్రం అధికారం, ఫెడరల్ అధికారం కాదు. నేటికీ బడిలో చేరే పిల్లలకు ఏయే టీకాలు తప్పనిసరి అన్నది రాష్ట్రమే నిర్ణయిస్తుంది. డాలస్ శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబం కాలిఫోర్నియాకు మారితే బడి నిబంధన కూడా మారుతుంది. నమ్మకాల పేరిట టీకా నుంచి మినహాయింపు కోరే వీలు టెక్సాస్‌లో ఉంది. కాలిఫోర్నియా 2015లో చట్టం చేసి దాన్ని తీసేసింది.

ఫెడరల్ ప్రభుత్వానికి మిగిలింది సరిహద్దులు. 1944 నాటి ప్రజారోగ్య సేవల చట్టంలోని 361వ సెక్షన్ ప్రకారం విదేశాల నుంచి దేశంలోకి, ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి రోగం పాకకుండా చర్యలు తీసుకోవచ్చు. మన రాజ్యాంగం తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. ప్రజారోగ్యం మన దగ్గరా రాష్ట్ర జాబితాలోనే ఉంది. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి అంటురోగాలు వ్యాపించకుండా చూడటం మాత్రం ఉమ్మడి జాబితాలో 29వ అంశం.

ఈ పంపకం వెనుక చేదు అనుభవాలున్నాయి. 1878లో మిసిసిపీ లోయను పచ్చజ్వరం (యెల్లో ఫీవర్) ఊడ్చిపెట్టింది. ఒక్క మెంఫిస్ నగరంలోనే 5,000 మందికి పైగా చనిపోయారు. పొరుగూరి వాళ్లు అడుగుపెట్టకుండా ఊళ్లు పొలిమేరల్లో తుపాకులతో కాపలా కాశాయి. మరుసటి ఏడాది జాతీయ ఆరోగ్య బోర్డు ఏర్పడింది. రాష్ట్రాలతో తగువులాడుతూ నాలుగేళ్లు నెట్టుకొచ్చాక 1883లో దాని అధికారాల గడువు ముగిసింది. అమెరికా చట్టసభ కాంగ్రెస్ పొడిగించలేదు. ఆ తర్వాత పుట్టిన సంస్థలు ఈ పాఠాన్ని ఒంటబట్టించుకున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక శిబిరాల చుట్టూ దోమలను అదుపు చేయడానికి పెట్టిన కార్యాలయమే 1946 జులై 1న సీడీసీగా మారింది. అందుకే అది రాజధానిలో కాకుండా, మలేరియా ఎక్కువగా ఉన్న దక్షిణాదిలో, అట్లాంటాలో వెలిసింది. రాష్ట్రం అడిగితే వెళ్లడం, రోగాన్ని గుర్తుపట్టి చెప్పడం, చికిత్స, ఆంక్షలు, జరిమానాలు స్థానికులకే వదిలేయడం మొదటి నుంచీ దాని పద్ధతి.

1951లో అలెగ్జాండర్ లాంగ్‌మ్యూర్ అనే శాస్త్రవేత్త ఆ సంస్థలో అంటురోగాల నిఘా దళం మొదలుపెట్టారు. యువ వైద్యులకు రెండేళ్ల శిక్షణ ఇచ్చి, రోగం పుట్టిన చోటికల్లా పంపడం దాని పని. అరిగి చిల్లుపడిన బూటు అడుగుభాగం ఆ దళం గుర్తు. గడపగడపకూ తిరిగితే తప్ప రోగం ఆచూకీ దొరకదన్నది ఆ గుర్తు చెప్పే మాట. సీడీసీ సహకారంతో 2012లో మన దేశం కూడా జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం కింద ఇలాంటి శిక్షణను మొదలుపెట్టింది.

ముందుగా పసిగట్టడం అంటే ఏమిటో 1981లో జరిగిన ఒక సంగతి చూపిస్తుంది. పెంటామిడిన్ అనే మందు అప్పట్లో అమెరికా దుకాణాల్లో దొరికేది కాదు. న్యుమోసిస్టిస్ అనే అరుదైన న్యుమోనియాకు అది వాడేవారు. కేసులు ఎంత తక్కువంటే, ఆ మందును దేశం మొత్తానికీ సీడీసీలోని ఒక చిన్న విభాగమే నిల్వచేసి, అడిగిన వైద్యులకు పంపేది. ఆ అభ్యర్థనలను చూసే ఉద్యోగిని సాండ్రా ఫోర్డ్‌కు ఏదో తేడాగా అనిపించింది. సాధారణంగా క్యాన్సర్ రోగులకో, అవయవ మార్పిడి చేయించుకున్నవారికో ఆ మందు అడుగుతారు. ఇప్పుడు రోగనిరోధక శక్తి ఎందుకు తగ్గిందో చెప్పలేని యువకులకు అడుగుతున్నారు. ఆమె ఆ విషయాన్ని పై అధికారికి రాసి పంపారు. లాస్ ఏంజెలెస్ వైద్యులు గమనించిన ఐదుగురు రోగుల వివరాలతో సీడీసీ వారపత్రిక జూన్ 5న ఒక చిన్న నివేదిక ప్రచురించింది. ఎయిడ్స్ గురించి ప్రపంచం చదివిన మొదటి నివేదిక అదే.

ఈ ఘటనలో ఎవరూ ఎవరికీ ఆదేశం ఇవ్వలేదు. లాస్ ఏంజెలెస్‌లోని వైద్యుడికి తన రోగులే కనిపిస్తారు, న్యూయార్క్ వైద్యుడికి తన రోగులే కనిపిస్తారు. రెండు చోట్ల నుంచీ వచ్చే కాగితాలు ఒకే బల్ల మీద పడ్డాయి కాబట్టి, వాటిని శ్రద్ధగా చదివే మనిషి ఆ బల్ల ముందు ఉంది కాబట్టి విషయం బయటపడింది. ఫెడరల్ సంస్థ ఎందుకు ఉండాలన్న ప్రశ్నకు ఇంతకంటే గట్టి జవాబు లేదు. అయితే ఆ తర్వాతి సంవత్సరాల్లో ఎయిడ్స్ పరిశోధనకు డబ్బు ఎంత ఆలస్యంగా వచ్చిందో, ప్రభుత్వ పెద్దలు ఎంతకాలం నోరు విప్పలేదో కూడా మరవకూడదు. ముందే కనిపెట్టినంత మాత్రాన ముందే కదులుతారన్న హామీ లేదు.

కొలవడం దగ్గర తప్పు జరిగితే ఏమవుతుందో 2020 ఫిబ్రవరి చూపింది. దక్షిణ కొరియా, అమెరికా రెండూ జనవరి 20వ తేదీనే తమ మొదటి కోవిడ్ కేసును నిర్ధారించుకున్నాయి. కొరియా ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలను పిలిచి కిట్లు తయారు చేయమంది. ఫిబ్రవరి తొలివారంలోనే మొదటి కిట్‌కు అనుమతి ఇచ్చింది. అమెరికాలో పరీక్షను రూపొందించే పని ఆనవాయితీ ప్రకారం సీడీసీ భుజానికెత్తుకుంది. ఫిబ్రవరి 4న ఎఫ్‌డీఏ దానికి అత్యవసర అనుమతి ఇచ్చింది. కిట్లు రాష్ట్రాల ప్రయోగశాలలకు బయలుదేరాయి.

కిట్ అందిన ప్రతి ప్రయోగశాలా రోగుల నమూనాలు ముట్టుకోక ముందు దాన్ని సరిచూసుకోవాలి. వైరస్ ఏమాత్రం లేని ద్రావణాన్ని పరీక్షకు పెడతారు. ఫలితం నెగెటివ్ రావాలి. చాలా రాష్ట్రాల్లో పాజిటివ్ వచ్చింది. వైరస్ జన్యువులో మూడు భాగాలను వెతికేలా ఆ పరీక్షను తయారు చేశారు. మూడో భాగాన్ని వెతికే రసాయనం వైరస్ లేకపోయినా ఉందని చూపుతోంది. ఫిబ్రవరి 12న సీడీసీ ఈ లోపాన్ని బహిరంగంగా ఒప్పుకుంది. ఒక భాగం తయారీలో కలుషితమైందని, మరో భాగం రూపకల్పనలోనే లోపం ఉందని ఆ సంస్థ శాస్త్రవేత్తలే 2021 డిసెంబర్‌లో ప్రచురించిన అధ్యయనంలో తేల్చారు.

కిట్ పాడవడం ఒక్కటే అయితే పది రోజుల నష్టంతో పోయేది. అసలు చిక్కుముడి మరొకటి. జనవరి 31న ఆరోగ్య మంత్రి అలెక్స్ అజార్ ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించారు. మామూలు రోజుల్లో పెద్ద ఆస్పత్రులు, విశ్వవిద్యాలయాలు తమ ప్రయోగశాలల్లో సొంత పరీక్షలు తయారు చేసుకుని వాడేవి, ఎఫ్‌డీఏ పెద్దగా అడ్డుచెప్పేది కాదు. అత్యవసర పరిస్థితిలో మాత్రం ప్రతి కొత్త పరీక్షకూ ప్రత్యేక అనుమతి కావాలని ఆ సంస్థ నిలబడింది. పని వేగం పెంచడానికి చేసిన ప్రకటనే దేశంలోని మంచి ప్రయోగశాలల చేతులు కట్టేసింది. సియాటిల్‌లో ఫ్లూ మీద అధ్యయనం చేస్తున్న హెలెన్ చూ బృందం దగ్గర వందల కొద్దీ జలుబు, దగ్గు రోగుల నమూనాలు ఉన్నాయి. వాటిని కరోనాకు పరీక్షించడానికి అనుమతి అడిగితే దొరకలేదు. ఫిబ్రవరి చివర ఆ బృందం అనుమతి లేకుండానే పరీక్షించింది. విదేశీ ప్రయాణం చేయని ఒక స్థానిక కుర్రవాడికి వైరస్ ఉన్నట్టు తేలింది.

కిట్లు తక్కువ కాబట్టి ఎవరిని పరీక్షించాలన్న నిబంధన కూడా ఇరుకుగానే ఉంది. చైనా వెళ్లొచ్చారా, తెలిసిన రోగిని కలిశారా అన్న రెండు ప్రశ్నలకూ కాదంటే పరీక్ష లేదు. కాలిఫోర్నియాలో ప్రాణాపాయ స్థితిలో ఉన్న ఒక రోగికి వైద్యులు కోరిన వెంటనే పరీక్ష జరగలేదు, రోజుల తరబడి ఆగాల్సి వచ్చింది. ఫలితం వచ్చాక ఆమె దేశంలో ఎక్కడి నుంచి సోకిందో తెలియని మొదటి కేసుగా లెక్కకెక్కింది. ఫిబ్రవరి 29న ఎఫ్‌డీఏ నిబంధన సడలించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. ఆ నాలుగు వారాల్లో వైరస్ ఏయే నగరాల్లో ఎంత పాకిందో ఏ గవర్నర్‌కూ తెలియదు. తెలియని దాని మీద ఏ రాష్ట్రాధికారం పనిచేస్తుంది?

లెక్కల విషయంలోనూ పరిస్థితి దయనీయమే. రాష్ట్రాలు కేసుల వివరాలను సీడీసీకి పంపడం చాలావరకు స్వచ్ఛందం. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. అనేక కౌంటీ కార్యాలయాలకు ప్రయోగశాలల ఫలితాలు ఫ్యాక్స్‌లో వచ్చేవి. ఉద్యోగులు ఆ కాగితాలు చూసి కంప్యూటర్‌లోకి ఎక్కించేవారు. దేశంలో రోజుకు ఎన్ని పరీక్షలు జరిగాయో, ఎందరు ఆస్పత్రుల్లో చేరారో చెప్పే పట్టికను మార్చి 2020 నుంచి ఏడాది పాటు నడిపింది ఒక పత్రిక గొడుగు కింద పనిచేసిన స్వచ్ఛంద కార్యకర్తలు. వాళ్లు రోజూ రాష్ట్రాల వెబ్‌సైట్లు చూసి అంకెలు ఎక్కించేవారు. ప్రభుత్వాలు, పత్రికలు వాటినే ఉదహరించాయి. అత్యవసర చట్టాల వల్ల ప్రయోగశాలలు ఫలితాలను తప్పనిసరిగా పంపే ఏర్పాటు తర్వాత వచ్చింది. 2023 మే 11న అత్యవసర పరిస్థితి ముగియగానే ఆ ఏర్పాటు కూడా పోయింది.

ఆజ్ఞాపించే దారిలో నడవబోయిన రెండు ముఖ్య సందర్భాల్లోనూ సీడీసీకి కోర్టుల్లో ఎదురుదెబ్బ తగిలింది. అద్దె కట్టలేని వారిని ఇళ్ల నుంచి ఖాళీ చేయించరాదని 2020 సెప్టెంబర్‌లో ఇచ్చిన ఉత్తర్వును మరుసటి ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు అడ్డుకుంది. విమానాలు, రైళ్లలో మాస్కు తప్పనిసరి చేసిన ఉత్తర్వును 2022 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలోని ఫెడరల్ న్యాయమూర్తి కొట్టేశారు. రెండింటికీ ఆధారం ఆ 361వ సెక్షనే.

టీకాల దగ్గర కథ వేరు. ఏ టీకా మార్కెట్లోకి రావాలో ఎఫ్‌డీఏ తేలుస్తుంది, ఎవరికి వేయాలో సీడీసీ సిఫారసు చేస్తుంది. ఇక్కడ ఫెడరల్ మాటకు నిజమైన బరువుంది. ఆ బరువు దెబ్బలు తింటూ వచ్చింది. 1955 ఏప్రిల్‌లో పోలియో టీకా మొదలైన రెండు వారాలకే, కటర్ కంపెనీ తయారుచేసిన కొన్ని మోతాదుల్లో బతికున్న వైరస్ మిగిలిపోయిందని తేలింది. సుమారు 200 మందికి అవయవాలు చచ్చుబడ్డాయి, పది మంది చనిపోయారు. అప్పటి పర్యవేక్షణ వ్యవస్థ ఎంత పలచనిదో ఆ దుర్ఘటన బయటపెట్టింది. టీకా వేసిన చేతికే పక్షవాతం వస్తోందన్న గమనికతో తప్పు ఏ కంపెనీ మందులో ఉందో రోజుల్లో పట్టుకుని, మిగతా టీకాల మీద నమ్మకం పూర్తిగా పోకుండా కాపాడింది లాంగ్‌మ్యూర్ బృందం.

1976లో అందుకు విరుద్ధంగా జరిగింది. న్యూజెర్సీలోని సైనిక శిబిరంలో స్వైన్‌ఫ్లూతో ఒక సైనికుడు చనిపోయాడు. 1918 నాటి ఫ్లూ మహమ్మారి మళ్లీ వస్తుందన్న భయంతో సీడీసీ డైరెక్టర్ డేవిడ్ సెన్సర్ దేశమంతటికీ టీకా వేయాలన్నారు, అధ్యక్షుడు ఫోర్డ్ ఒప్పుకున్నారు. నాలుగు కోట్లకు పైగా జనం వేయించుకున్నారు. మహమ్మారి రాలేదు. టీకా తీసుకున్న కొందరిలో గులియన్-బారే అనే నరాల జబ్బు కనిపించడంతో డిసెంబర్‌లో కార్యక్రమం ఆగింది. సెన్సర్ పదవి పోయింది. కానీ ఆ జబ్బుకూ టీకాకూ ఉన్న సంబంధాన్ని లెక్కతేల్చింది కూడా సీడీసీ నిఘానే. తాము నడుపుతున్న కార్యక్రమంలోని కీడును తామే లెక్కపెట్టి బయటపెట్టడం చిన్న విషయం కాదు. 2021 ఏప్రిల్‌లో జాన్సన్ అండ్ జాన్సన్ కోవిడ్ టీకా విషయంలో అదే జరిగింది: 68 లక్షల మోతాదుల్లో ఆరుగురు మహిళలకు అరుదైన రక్తపు గడ్డలు కనిపించగానే సీడీసీ, ఎఫ్‌డీఏ రెండూ కలిసి దాన్ని నిలిపివేయమని కోరాయి. అంత సూక్ష్మంగా చూడగలిగిన వ్యవస్థ ప్రపంచంలో అరుదు.

ఇక చెప్పడం. 2020లో మాస్కు అక్కర్లేదని మొదట చెప్పి, ఏప్రిల్ 3న వేసుకోమన్నారు. శాస్త్రం మారితే సలహా మారడం తప్పు కాదు. ఎందుకు మారిందో విప్పి చెప్పకపోవడం తప్పు. అంతకంటే ప్రమాదకరమైనది రాజకీయ పెద్దలు ఆ గొంతు నొక్కేయడం. 2025 జనవరిలో కొత్త ప్రభుత్వం ఆరోగ్య సంస్థల బహిరంగ ప్రకటనలన్నీ ఆపమంది. ఎయిడ్స్ మొదటి నివేదిక వెలువడిన ఆ వారపత్రిక దశాబ్దాల్లో తొలిసారి రెండు వారాలు రాలేదు. సరిగ్గా అదే సమయంలో టెక్సాస్‌లోని గెయిన్స్ కౌంటీలో తట్టు మొదలైంది. టీకా వేయని ఇద్దరు బడిపిల్లలు ఆ రాష్ట్రంలో చనిపోయారు. ఏప్రిల్‌లో ఆరోగ్య శాఖ సుమారు 10,000 మంది ఉద్యోగుల తొలగింపు మొదలుపెట్టింది. జూన్‌లో మంత్రి రాబర్ట్ కెనెడీ టీకాలపై సలహా ఇచ్చే నిపుణుల సంఘంలోని 17 మందినీ ఒకేసారి తీసేశారు. ఆగస్టులో సీడీసీ డైరెక్టర్‌ను, పదవి చేపట్టి నెల తిరగకుండానే, తొలగించారు.

రాష్ట్రాలు తమ దారి తాము వెతుక్కుంటున్నాయి. 2025 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియా, ఒరెగన్, వాషింగ్టన్ రాష్ట్రాలు ఆరోగ్య కూటమి ప్రకటించాయి. తర్వాత హవాయి కలిసింది. ఈశాన్య రాష్ట్రాలు మరో కూటమి కట్టాయి. సొంత టీకా సిఫారసులు విడుదల చేస్తున్నాయి. బలమైన విశ్వవిద్యాలయాలు, పెద్ద ప్రయోగశాలలు ఉన్న ఈ రాష్ట్రాలకు అది సాధ్యం. అవేవీ లేని చిన్న రాష్ట్రాలు ఎవరి వైపు చూడాలి?

పైగా కూటములు ఎంత పెద్దవైనా వాటికి అందని చోటు ఒకటుంది. 1989 నుంచి 1991 వరకు అమెరికాలో తట్టు మళ్లీ విజృంభించి 55,000 మందికి పైగా సోకింది, వంద మందికి పైగా చనిపోయారు. టీకా కొనలేని, బీమా లేని ఇళ్లలోని పిల్లలే ఎక్కువగా దానికి బలయ్యారు. ఆ అనుభవంతో 1994లో పేద పిల్లలకు ఉచిత టీకాల పథకం మొదలైంది. నేడు అమెరికా పిల్లల్లో దాదాపు సగం మంది దానికి అర్హులు. ఆ పథకం కింద ఏ టీకాను ప్రభుత్వం కొని ఇవ్వాలో చట్టప్రకారం నిర్ణయించేది 17 మందినీ తొలగించి కొత్తవారితో నింపిన ఆ నిపుణుల సంఘమే. అక్కడ ఒక టీకాను జాబితా నుంచి తీసేస్తే, డబ్బున్న తల్లిదండ్రులు కొని వేయిస్తారు. మిగతా పిల్లల టీకా ఖర్చును రాష్ట్రం తన ఖజానా నుంచి భరించాలి, లేదంటే ఆ పిల్లలు టీకా లేకుండానే బడికి వెళతారు.